అద్దాల మేడకి ఇనుప పరదా

మా ఆఫీసు భవనానికి కిందటేడు కొత్త చొక్కా తొడిగారు. చొక్కా అంటే మెష్ అన్నమాట. చిల్లులు పొడిచిన అల్యూమినియం రేకులు, ఒక్కోటి తలుపంత, వరసాగ్గా పైనుంచి కిందిదాకా. దూరం నుంచి చూస్తే ఆ చిల్లుల్లో ఒక చెట్టు బొమ్మ కనిపిస్తుంది (చిన్న చిల్లులూ పెద్ద చిల్లులూ కలిపి గీశార్లెండి, బానే గీశారు). రాత్రిపూట వెనకనుంచి నీలం లైట్లు. ఇది ఎండని ఆపుతుందనీ, కరెంటు ఆదా అవుతుందనీ, ఇకమీదట మనది ఇంకా పచ్చటి భవనమనీ అందరికీ మెయిలొచ్చింది. సంతోషం. నాకొచ్చిన సందేహం ఒక్కటే. దాన్ని కట్టింది ఉత్తరం వైపు గోడకి.

ఉత్తరం వైపు మెయిన్ రోడ్డుంది మరి.

మమ్మల్ని వేపుకు తినేది పడమటి గోడ. నేలనుంచి కప్పుదాకా అద్దం. మధ్యాహ్నం మూడు దాటితే నా మానిటర్లో నా మొహం తప్ప కోడు కనపడదు. అటువైపు ఏముందయ్యా అంటే పక్క భవనం పార్కింగూ, ఒక ట్రాన్స్‌ఫార్మరూ. అటునుంచి మా భవనాన్ని చూసి మురిసిపోయేవాళ్ళెవరూ లేరు కాబట్టి అటు మెష్ లేదు. ఇదే విషయం ఫెసిలిటీస్ ఆయన్ని అడిగితే "సార్, అది ఎలివేషన్ సైడ్ కాదు సార్" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన నిజమే చెప్పాడు. ఎండ పడేచోట కాదు, ఫోటో పడేచోట కట్టారు.

నేను మెష్‌కి వ్యతిరేకిని కాదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే "వీడికి ఏది కట్టినా ఏడుపే" అంటారు. మెష్ చాలా మంచి వస్తువు. మంచి వస్తువుని ఇలా తగలేస్తున్నారనే నా బాధంతా.

లెక్కలోకొద్దాం. హైదరాబాదు ఉన్నది దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. అంటే మే రెండోవారం నుంచి జులై ఆఖరుదాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణం కిటికీలో మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు పడదు. మిగతా నెలల్లో దక్షిణానికి ఒక మామూలు సజ్జా చాలు, ఎందుకంటే మధ్యాహ్నం వేళకి సూర్యుడు పైన ఉంటాడు. పడమర సంగతి అలా కాదు. సాయంత్రం నాలుక్కి సూర్యుడు కిందికి దిగి తిన్నగా మొహమ్మీద కొడతాడు. సజ్జా ఎంత బయటికి లాగినా దాని కిందనుంచి దూరి వచ్చేస్తాడు. అక్కడ కావలసింది అద్దానికి ఎదురుగా నిలబడే అడ్డు. పూర్వం అక్కడ వెదురు తడికో, వట్టివేళ్ళ తడికో కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. ఇప్పుడు మెష్ చెయ్యాల్సిన పని అదే.

మూడు మీటర్ల ఎత్తూ రెండు మీటర్ల వెడల్పూ ఉన్న అద్దం తీసుకోండి. ఆరు చదరపు మీటర్లు. మే నెలలో నాలుగ్గంటలకి పడమటి గోడమీద చదరపు మీటరుకి ఉరామరిగా 600 వాట్లు పడతాయనుకుంటే మొత్తం 3600 వాట్లు. ఒక టన్ను ఏసీ బయటికి తోడగలిగేది సుమారు 3500 వాట్ల వేడి. మామూలు తెల్ల అద్దమైతే ఆ ఎండలో 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది. అంటే ఒక్క అద్దంపలక కోసం ముప్పాతిక టన్ను పైన ఏసీ తిరగాలి. అదే అద్దం బయట 40 శాతం ఖాళీ ఉన్న మెష్ పెడితే లోపలికొచ్చేది 1100, 1200 వాట్లకి పడిపోతుంది. (మెష్ తనే వేడెక్కి కొంత లోపలికి పంపుతుంది, ఆ చిల్లర నేను వదిలేశాను.) ఖరీదైన కోటింగు అద్దం పెట్టినా ఇంచుమించు ఈ లెక్కకే వస్తుంది, కాకపోతే కళ్ళలో పొడిచే వెలుగు సమస్య తీరదు, బ్లైండ్లు దించక తప్పదు.

బ్లైండ్లు అన్నాను కదా. బయట అడ్డుకీ లోపలి అడ్డుకీ తేడా చాలామందికి పట్టదు. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక బ్లైండు మీద పడితే ఆ బ్లైండే వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోనే ఉంటుంది. దొంగ ఇంట్లోకొచ్చాక తలుపు గడియ పెట్టినట్టు. మా ఫ్లోరులో పొద్దున పదినుంచి సాయంత్రం ఆరుదాకా బ్లైండ్లన్నీ కిందికే ఉంటాయి, ట్యూబులైట్లన్నీ వెలుగుతుంటాయి. వెలుతురు కోసం గోడంతా అద్దం పెట్టాం, అద్దం వల్ల బ్లైండు దించాం, బ్లైండు వల్ల లైటేశాం, లైటుకీ ఎండకీ కలిపి ఏసీ పెంచాం, ఏసీ పెంచాం కాబట్టి మా టీములో ఇద్దరు మే నెలలో స్వెట్టర్లేసుకుంటారు. మా భాషలో దీన్ని బగ్ మీద బగ్ అంటాం. అసలు కారణాన్ని వదిలేసి పైపైన పాచ్ వేసుకుంటూ పోతే కోడు ఏమవుతుందో అదే అయింది.

ఇదేదో మనమే మొదట చేసిన తప్పేం కాదు. 1933లో పారిస్‌లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళకోసం లె కార్బూజియె సిటే ద రెఫ్యూజ్ అని ఒక ఆశ్రయ భవనం కట్టాడు. దక్షిణం వైపు మొత్తం బిగించేసిన అద్దం గోడ, తెరుచుకునే కిటికీలే లేవు. లోపల గాలిని యంత్రాలు చూసుకుంటాయన్నాడు. డబ్బుల్లేక చల్లబరిచే యంత్రం పెట్టనేలేదు. ఎండాకాలం వచ్చేసరికి లోపలున్న బీదాబిక్కీ ఉడికిపోయారు. చివరికి తెరుచుకునే కిటికీలు పెట్టాల్సొచ్చింది, యుద్ధం తర్వాత మరమ్మతుల్లో అద్దం ముందు కాంక్రీటు ఎండ అడ్డులొచ్చాయి. పారిస్‌లో అండీ! మన ఎండ ముందు పారిస్ ఎండ ఎంత?

అంత పెద్దాయనా దెబ్బతిని నేర్చుకున్నాడు. 1954లో అహ్మదాబాదులో మిల్లు యజమానుల సంఘానికి భవనం కట్టేటప్పుడు పడమటి వైపు అడ్డుపలకల్ని ఏటవాలుగా తిప్పి పెట్టాడు, తూర్పున నది వైపు తిన్నగా పెట్టాడు. అంటే ఏ ముఖానికి ఏ అడ్డు అని ఆలోచించాడు. ఆ పలకలు కాంక్రీటువి కాబట్టి పగలంతా తాగిన వేడిని పొద్దుపోయాక కక్కుతాయి, అదొక లోపం. పల్చటి మెష్‌కి ఆ గొడవ లేదు, ఎండ పోయిన కాసేపటికే చల్లారుతుంది. ఈ పాఠాలన్నీ మన దేశంలోనే, మన ఎండలోనే జరిగాక, 1998లో సైబర్ టవర్స్‌తో హైటెక్ సిటీ మొదలైతే, ఆ తర్వాత వచ్చిన భవనాల్లో ఏడాదికేడాది అద్దం పెరుగుతూ పోయింది! పైగా అదే హైటెక్ సిటీ పక్కన 2004లో అబ్దుల్ కలాంగారు ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటరుంది. అమెరికా బయట మొట్టమొదటి లీడ్ ప్లాటినం రేటింగు దానికే. దాని గోడల్లో ఏమున్నాయో తెలుసా? జాలీలు. మన పాత జాలీలే. ఆ రేటింగు ఫలకం లాబీలో తగిలించుకోడానికి అందరూ ఎగబడ్డారు గానీ, ఆ జాలీని చూసి నేర్చుకున్నవాళ్ళు తక్కువ.

జాలీ అన్నాను కాబట్టి ఇంకో విషయం. పైగా సమాధులు చూశారా? చూడకపోతే ఒక ఆదివారం వెళ్ళిరండి, సంతోష్‌నగర్ దగ్గరే. జనం లేకుండా ప్రశాంతంగా ఉంటుంది. అక్కడి జాలీ పనితనం ముందు మా ఆఫీసు చెట్టు బొమ్మ సిగ్గుతో చచ్చిపోవాలి. ఇలాంటి పాత జాలీల్లో అందం ఒకటే కాదు, మందం ఉంది. చిల్లు ఎంత వెడల్పో పలక అంత మందం ఉంటే, 45 డిగ్రీలకి మించిన ఎత్తునుంచి వచ్చే ఎండ సూటిగా లోపల పడదు. గాలి వస్తుంది, మెత్తటి వెలుతురు వస్తుంది, ఎండ ఆ మందంలోనే ఆగిపోతుంది. రెండు మిల్లీమీటర్ల రేకుకి పది మిల్లీమీటర్ల చిల్లు పొడిస్తే అందులో ఈ తెలివి ఏం లేదు. ఎంత శాతం ఖాళీ ఉందో ఇంచుమించు అంత ఎండ వచ్చేస్తుంది. "జాలీ నుంచి స్ఫూర్తి పొందిన డిజైన్" అని బ్రోషర్లలో రాస్తుంటారు చూడండి, నాకు అక్కడే ఒళ్ళు మండుతుంది. చిల్లులుంటే జాలీ అయిపోతే ఇడ్లీపాత్ర కూడా జాలీయే.

రేకుల్లో కూడా ఒకటి నిజంగా ఆ మందం పనిని కొంత చేస్తుంది. ఎక్స్‌పాండెడ్ మెటల్ అంటారు. రేకుకి వరసగా గాట్లు పెట్టి రెండువైపులా లాగుతారు, గాట్లు తెరుచుకుని వజ్రం ఆకారపు కన్నాలవుతాయి. చిల్లులు పొడిచి తీసిన తుక్కు ఉండదు కాబట్టి లోహం దండగ కాదు. అల్లిన జాలీలా తీగ ఊడిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, లాగినప్పుడు దాని పోగులు కాస్త వాలి నిలబడతాయి, కిటికీ లూవర్ పలకల్లాగా. ఒక కోణంనుంచి చూస్తే తెరిచినట్టుంటుంది, ఇంకో కోణంనుంచి మూసినట్టుంటుంది. కాబట్టి దీనికి తలా తోకా ఉన్నాయి.

ఈ సంగతి నాకెలా తెలిసిందంటే, మా అపార్ట్‌మెంటు వాళ్ళు దాన్ని తలకిందులుగా కట్టించుకున్నారు కాబట్టి. పడమటి కారిడార్లకి ఎండా వానా పడకుండా అని తలా కొంత వేసుకుని కట్టించారు. ఫిబ్రవరిలో పని అయింది. ఏప్రిల్లో చూస్తే మూడున్నర ఎండ ఎప్పట్లాగే కారిడార్లో పరుచుకునుంది. ప్రెసిడెంటుగారు "మెష్ కదండీ, కొంచెం వస్తుంది" అన్నారు. జూన్‌లో వాన కూడా వచ్చింది, అదీ మెష్ తీరుగా చేతులు చాచి పిలిచినట్టు లోపలికి కారుతూ. అప్పుడు దగ్గరికెళ్ళి చూశాను. పోగుల బయటి అంచు కిందికి ఉండాలి, పైకి ఉంది. కారిడార్లోంచి చూస్తే ఆకాశం కనపడుతుంది, కింద ఆడుకునే పిల్లలు కనపడరు. అంటే ఎండకి దారిచ్చి, చూపుకి అడ్డం పడింది! వెల్డింగ్ షాపతన్ని పిలిస్తే ఒక ముక్క చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి ఉల్టా సీదా ఉంటుందని మాకెవరు చెప్పిన్రన్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. డ్రాయింగులో బాణం గుర్తు ఒకటి పెట్టుంటే సరిపోయేది. బోల్టులు విప్పి, పలకలు తిప్పి మళ్ళీ బిగించడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ ఏడు మళ్ళీ కారిడార్లో నీళ్ళు నిలవలేదు.

సరే, ఎండ సంగతి ఇంతవరకూ. ఇక చాటు. నాకు అసలు కోపం వచ్చింది ఇక్కడ.

మా చెల్లెలు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేది. పేరెందుకులెండి, అలాంటివి వందలున్నాయి. ఎదురు మేడలోంచి ఎవరో తొంగిచూస్తున్నారని అమ్మాయిలు కంప్లైంటు చేశారు. ఓనరుగారు వెంటనే స్పందించారు. బాల్కనీలన్నిటికీ కిందనుంచి పైదాకా చిల్లుల రేకు బిగించేశారు. స్క్రూలు కాదు, వెల్డింగు. తెరిచే తలుపొక్కటి లేదు. పగలు బానే ఉన్నట్టుంది, బయటనుంచి లోపల ఏమీ కనపడదు. బట్టలు ఆరవు, గాలాడదు, మిట్టమధ్యాహ్నం కూడా లైటెయ్యాలి, అదంతా పక్కన పెట్టండి. రాత్రి సంగతేమిటి?

మెష్ చాటు అనేది ఒక కనికట్టు. ఏవైపు వెలుతురెక్కువ ఉందో ఆవైపు వాళ్ళకి రేకు కనిపిస్తుంది, చీకటివైపు వాళ్ళకి రేకు మాయమై అవతలి మనిషి కనిపిస్తాడు. పగలు వెలుతురు బయట, కాబట్టి లోపలివాళ్ళు క్షేమం. రాత్రి ఏడింటికి గదిలో లైటేస్తే మొత్తం తిరగబడుతుంది. ఎదురు మేడమీద చీకట్లో కూర్చున్నవాడికి అంతా సినిమా తెర. లోపలున్న అమ్మాయికి మాత్రం మెరిసే రేకు తప్ప వాడు కనపడడు. ఇంతకుముందు కనీసం వాడున్నాడని తెలిసేది, తలుపేసుకునేది. పైగా ఆ రేకుకి తెల్లరంగు వేశారు. తెల్లరేకు మీద లైటు పడి కళ్ళకి అడ్డం పడుతుంది కాబట్టి, లోపలినుంచి బయటికి చూడాలంటే ముదురురంగే మేలు. ఈ సంగతులు తెలియనివాడు ఆడపిల్లల రక్షణ గురించి ఉపన్యాసమివ్వడం!

అమ్మాయిలు తెరలు కొనుక్కుని కట్టుకున్నారు. తెర మూడొందలో నాలుగొందలో. రేకు ఖర్చు మాత్రం నెలనెలా అద్దెలో కలిసింది.

నేను చెల్లిని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఓనరుగారిని అడిగాను, ఇందులో ఒక్క పలకైనా లోపలినుంచి తెరుచుకునేట్టు పెట్టించండి సార్, రేపు పొగ కమ్మితే వీళ్ళెటు పోతారు అని. "ఆడపిల్లలు కదండీ, తెరుచుకుంటే సేఫ్టీ ఎలా" అన్నారాయన, నిజంగా నొచ్చుకుంటూ. ఆయన దుర్మార్గుడు కాదు. ఆయన దృష్టిలో ప్రమాదం బయటినుంచే వస్తుంది. 2010 ఫిబ్రవరిలో బెంగుళూరు కార్ల్‌టన్ టవర్స్‌లో తొమ్మిదిమంది చనిపోయారు. పొగకి ఉక్కిరిబిక్కిరై, ఊపిరికోసం అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్ళున్నారు. 2023 మార్చిలో సికింద్రాబాదు స్వప్నలోక్‌లో ఆరుగురు, అందరూ మా చెల్లెలి వయసు పిల్లలే, పొగకే పోయారు. మంట కన్నా ముందు పొగ వస్తుంది. అద్దమైతే కుర్చీతో కొడితే పగులుతుంది. ఆ ముందు వెల్డింగు చేసిన రేకుని దేంతో పగలగొట్టాలి? ఫైరింజన్ నిచ్చెన వచ్చినా ఆ రేకు కోసేదాకా లోపలికి దారి లేదు. మన పాత ఇళ్ళ వసారాలకి కటకటాలుండేవి, వాటికి తలుపూ ఉండేది, గడియ లోపలివైపు ఉండేది. ఇక్కడ గడియ కూడా లేదు. జైలుకి కటకటాలు అని పేరు ఊరికే రాలేదేమో.

మా చెల్లిని నెల తిరక్కుండా వేరేచోటికి మార్చాం. మిగతా వాళ్ళని ఎవరు మారుస్తారు?

మెష్ వాళ్ళు చెప్పని సంగతులు ఇంకా ఉన్నాయి. మెష్‌కీ అద్దానికీ మధ్య మనిషి పట్టేంత సందు వదలకపోతే అద్దం తుడవడం అయ్యేపని కాదు, మన దుమ్ములో ఏడాదికల్లా అద్దం మట్టిగోడవుతుంది. సందు వదిలి పైనా కిందా మూయకపోతే పావురాలు కాపురం పెడతాయి. విశాఖలాంటి చోట ఉప్పుగాలికి అల్యూమినియం పలకని ఇనప బోల్టుతో బిగిస్తే ఆ రెండూ కలిసినచోటే తినేస్తుంది. అక్కడి గాలి సంగతి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, వదులుగా ఉన్న రేకు అప్పుడు రేకు కాదు, కత్తి.

కదిలే యంత్రాల మోజు ఇంకోటి. పారిస్‌లోనే 1987లో జాన్ నువెల్ అరబ్ ప్రపంచ సంస్థకి భవనం కట్టాడు. దక్షిణం గోడకి 240 లోహపు పలకలు, వాటిలో కెమెరా కన్నులాంటి కవాటాలు, ఎండని బట్టి వాటంతటవే తెరుచుకుని మూసుకునేట్టు. చూడ్డానికి అద్భుతం. కానీ ఏళ్ళతరబడి అవి సరిగ్గా పనిచెయ్యలేదు, 2017లో బాగుచేయించారు. కదిలే భాగాలు తక్కువుంటే చెడేవీ తక్కువుంటాయని నాకు పందొమ్మిదేళ్ళ ఉద్యోగం నేర్పింది.

మరి బాగా చేసినవాళ్ళే లేరా అంటే, ఈ ఊళ్ళోనే ఉన్నారు. 2012లో కేఎంసీ వాళ్ళ ఆఫీసుకి రాహుల్ మెహ్రోత్రా బృందం చేసిన పని చూడండి. లోపల మామూలు కాంక్రీటు భవనం, మామూలు కిటికీలు. బయట కాస్త ఎడంగా అల్యూమినియం జాలీ, ఆ జాలీకి తొట్లు, తొట్లలో తీగమొక్కలు, వాటికి బొట్టుబొట్టుగా నీళ్ళు, మంచులా చల్లే ఏర్పాటు. మధ్యలో తోటమాలులు నడవడానికి దారి. ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి కిటికీ అవతల ఆకులూ, ఆ ఆకుల మధ్య పనిచేసుకునే మనిషీ కనిపిస్తారు. సందు ఉంది, తుడిచే మనిషి ఉన్నాడు, నీడ ఉంది. మన వట్టివేళ్ళ తడికకి ఇది మనవరాలు. దీనికి రోజూ మనుషులు కావాలి, నీళ్ళు కావాలి, నిజమే. ఏసీ ప్లాంటుకి మాత్రం అక్కర్లేదా?

"రూల్స్ ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. 2007లో ఈసీబీసీ అని ఒక కోడ్ వచ్చింది, 2017లో సవరించారు. సులువుదారిలో వెళ్తే గోడలో అద్దం 40 శాతం మించకూడదు. అంతకు మించాలంటే మొత్తం భవనాన్ని కంప్యూటర్లో సిమ్యులేషన్ చేసి, కరెంటు వాడకం హద్దులోనే ఉందని చూపించాలి. ఏసీ మంచిది, లైట్లు మంచివి, కాబట్టి అద్దం ఎక్కువున్నా పర్వాలేదు అని తేల్చొచ్చు. నేను బతుకంతా సాఫ్ట్‌వేరు రాసినవాణ్ణి. ఇన్‌పుట్ మన చేతిలో ఉన్నప్పుడు అవుట్‌పుట్ ఎలా వస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సిమ్యులేషన్లో పడమటి బ్లైండ్లు రోజంతా దించి లైట్లు వేసుకుంటామని ఎవరు రాస్తారు?

ఈ మే నెలలో మా వరసలో వాళ్ళం ఇక ఆగలేక, కొత్త మానిటర్లొచ్చిన అట్టపెట్టెల్ని చించి పడమటి అద్దానికి టేపుతో అంటించాం. లోపలి అడ్డు, వేడి ఆపదని నేనే పైన రాశాను, కనీసం స్క్రీన్ కనపడుతుందని ఆశ. మూడోరోజు ఫెసిలిటీస్ నుంచి మెయిలొచ్చింది. అద్దాలకి అనుమతిలేని వస్తువులు అంటించడం పాలసీకి విరుద్ధం, భవనం రూపు చెడుతోంది, శుక్రవారంలోగా తీసెయ్యాలి అని. అటువైపు ఎలివేషన్ కాదన్నారు కదా సార్ అని జవాబు రాశాను. శుక్రవారాలు నాలుగు అయ్యాయి, ఇంకా ఏమీ అనలేదు. అట్టలు అలాగే ఉన్నాయి.